ఆ ఫోన్ ఎవరెత్తుతారు?

నేను పని మానేసిన రోజున శాలువా కప్పి, "మేడం ఇరవై రెండేళ్లు ఎంతో ఓపికగా పనిచేశారు" అని మైకులో చెప్పారు. ఓపికట! ఆ మాట వింటుంటే ఒళ్లు మండింది. ఓపిక పట్టాల్సిన చోట తొందరపడ్డాను. తిరగబడాల్సిన చోట ఓపిక పట్టాను. శాలువా మడిచి బీరువాలో పడేశాను, మళ్లీ తీయలేదు.

మొన్న నా కుర్చీలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, ట్రైనింగ్ అయిపోయింది. ఇంకేమన్న చదవాల్నా?" అని అడిగింది. పుస్తకాలు చాలానే ఇచ్చారట. వాటిలో లేనిది నేను రాసిపెడతానన్నాను. ఇది ఆ అమ్మాయి కోసం, ఆమెలాగా ఈ పనిలోకి వచ్చే పిల్లల కోసం. మనుషుల పేర్లు మార్చాను. నేను చేసిన పనులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

పచ్చ పరదా

జహీరాబాద్‌లో హైవేకి దగ్గరగా ఒక ట్రస్టు నడిపే చిన్న దవాఖాన అది. పేరు రాయను. అందులో నేను హెచ్ఐవీ పరీక్షల కౌన్సెలర్‌ని. రక్తం తీసే ముందు ఒకసారి, రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఒకసారి మనిషితో మాట్లాడాలి. పని అంతే. లారీ డ్రైవర్లు వచ్చేవాళ్లు, చిరాగ్‌పల్లి వైపు దాబాల్లో పనిచేసేవాళ్లు వచ్చేవాళ్లు, చెరుకు కోతకు బీదర్ అవతలి నుంచి వచ్చిన కూలీలు, కడుపుతో ఉన్న ఆడవాళ్లు వచ్చేవాళ్లు.

నా గదికి తలుపు లేదు. పచ్చ పరదా ఉండేది. పరదాకి ఇవతల మనిషి తన బతుకులో ఎవరికీ చెప్పనిది చెప్పుకోవాలి, అవతల బెంచీ మీద ఎనిమిది మంది కూర్చుని ఉండాలి. తలుపు పెట్టించమని మా డాక్టర్ సార్‌ను అడిగిన ప్రతిసారీ "గాలి ఆడదమ్మా" అనేవాడు. ఆయన గదికి మాత్రం తలుపుంది, లోపల గడియ కూడా ఉంది. ఆయనకు గాలి బాగానే ఆడేది.

నేను పోట్లాడలేదు. గొంతు తగ్గించి మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. ఓపిక అంటే ఇదే అయితే, అది శాలువా కప్పాల్సిన గుణం కాదు.

ఇస్త్రీ బట్టల పెద్దమనిషి

ఝరాసంగం వైపు నుంచి ఒకాయన వచ్చాడు. పత్తి వేసే రైతు, నలుగురిలో మాట చెల్లే మనిషి. తెల్లని ఇస్త్రీ బట్టలు. జ్వరం తగ్గడం లేదని పరీక్ష రాశారు. "మీ భార్య కాకుండా ఇంకెవరితోనైనా సంబంధం ఉందా?" అన్న ప్రశ్న దగ్గర ఆయన ముఖం కందిపోయింది. "నన్ను జూస్తె గట్ల అనిపిస్తున్నదా?" అన్నాడు. నాకే సిగ్గేసింది. క్షమించమని కూడా అడిగాను. లేదు అని రాసుకున్నాను.

రిపోర్టు పాజిటివ్ వచ్చింది. ఎవరికీ చెప్పొద్దని, భార్యకు తానే చెప్పి తీసుకొస్తానని మాటిచ్చాడు. నేను ఎదురుచూశాను. ఏడాది తర్వాత ఆమె వచ్చింది, తనంతట తాను, ఆటోలో ఒక్కతే, నిలబడలేని స్థితిలో. ఆమెకూ అదే రిపోర్టు. "నీకు ముందుగాల్నే ఎరుకనా మేడం?" అని అడిగింది. నేను తల దించుకున్నాను.

ఆరోజు ఒట్టు పెట్టుకున్నాను, ఇక ఏ భార్యనూ చీకట్లో ఉంచనని. మంచి ఒట్టే అనుకున్నాను. తప్పు నుంచి పాఠం నేర్చుకున్నానని గర్వపడ్డాను కూడా. తప్పు నుంచి అడ్డదిడ్డమైన పాఠం కూడా నేర్చుకోవచ్చని అప్పటికి నాకు తెలియదు.

నిజం చెప్పినవాడు

శివరాజ్ కాలిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టి వైండింగ్ చేసే మెకానిక్. ఊరు న్యాల్‌కల్ మండలంలో, షాపు జహీరాబాద్‌లో. ముప్పై దాటిన మనిషి, వేళ్ల సందుల్లో వార్నిష్ మరకలు. ఏ జబ్బూ లేకుండా, ఎవరూ పంపకుండా పరీక్ష చేయించుకుంటానని వచ్చాడు. అలాంటివాళ్లు అరుదు.

భార్య కాకుండా ఎవరైనా ఉన్నారా అంటే, "ఉన్నడు" అన్నాడు.

ఉన్నది అనబోయి తడబడ్డాడేమో అనుకున్నాను. తడబడలేదు.

"ప్రకాశ్ అని. హైవే మీద లారీలు తూచే వేబ్రిడ్జి కాడ పనిజేస్తడు. మూడేండ్ల సంది. నా భార్య అనసూయకు ఎరుకే. ఆమెకు చెప్పినంకనే ఇదంత. మొదలు నెల రోజులు అమ్మగారింటికి పోయింది. మల్ల ఆమెనే వచ్చింది. ఆర్నెల్లకోపాలి ముగ్గురం టెస్టు చేయించుకోవాలె అని ఆమెనే షరతు వెట్టింది. గందుకే ఈపాలి ఇటు వచ్చిన."

నేను పెన్ను కింద పెట్టాను. "అంటే నీకు మగవాళ్లే ఇష్టమా? మరి పెళ్లెందుకు చేసుకున్నవ్?"

"అనసూయ అంటె ఇష్టమై చేసుకున్న మేడం. ఆమె అంటె ఇష్టం పోలే. ప్రకాశ్ అంటె గూడ ఇష్టమే. బైసెక్సువల్ అంటరట, ఫోన్ల సదివిన. నాకు ఆ మాట దొరికెదాంక నేనొక్కణ్నే గిట్ల ఉన్ననేమో అనుకున్న."

ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పరదా చాటున ఒక మనిషి అడిగిన ప్రశ్నకల్లా నిజం చెబుతున్నాడు. ఇరవై రెండేళ్లలో అంత శుభ్రంగా నిజం చెప్పినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేనేమో మనసులో అనుకుంటున్నాను, ఏ భార్య ఒప్పుకుంటుంది? కట్టుకథ. ఇస్త్రీ బట్టలాయన గొంతు పెంచితే నమ్మేశాను. ఇతను గొంతు తగ్గించి చెబితే నమ్మలేకపోయాను.

ఫారంలో ఫోన్ నంబర్లకు రెండు గడులు ఉండేవి. ఒకటి సొంతానిది, రెండోది ఇంటివాళ్లది. రెండోది రాసేటప్పుడు శివరాజ్ చెయ్యి ఆగింది.

"ఇది ఇంట్ల ఉండే ఫోన్ మేడం. జర దీనికి చెయ్యకుండ్రి. మా నాయనకు ఇంక చెప్పలే."

"చెబుతావా?"

"చెప్త. నేనే చెప్త. చేన్ల అల్లం తీసుడు అయినంక, ఆయన జర తీరిగ్గ ఉన్నప్పుడు. మూడేండ్ల సంది మాటలు జమచేస్కుంటున్న." నవ్వడానికి ప్రయత్నించాడు. "ఆయన నన్ను ఎల్లగొట్టడు మేడం. కొట్టడు. మాట్లాడుడు బంద్ జేస్తడు. నాకు గదే భయం. పొద్దుగాల లేస్తే ఆయన పిలుపుతోనే లేస్త నేను."

అతని భయం నా ముందు అంత విడమరచి పెట్టాడు. నేను రిజిస్టర్ పేజీ తిప్పాను.

నేను చేసిన ఫోన్

రిపోర్టు నెగెటివ్ వచ్చింది. ఈ సంగతి గట్టిగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ కథ చెప్పినప్పుడల్లా "పాపం, ఆ జబ్బు ఎవరి నుంచి వచ్చింది?" అని అడిగేవాళ్లు ఉన్నారు. జబ్బు లేదు. ఎవరికీ లేదు.

మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షకు రమ్మని చెప్పాను. భార్యను తీసుకురమ్మని కూడా చెప్పాను. "ఆమెకు అంగన్‌వాడి పని మేడం, వీలు జూసుకొని వస్తది" అన్నాడు. నాకు ఝరాసంగం ఆయన గుర్తొచ్చాడు. ఆయనా ఇలాగే అన్నాడు. నిలబడలేక గోడ పట్టుకున్న ఆ ఇల్లాలు గుర్తొచ్చింది. ఈ అనసూయ అనే అమాయకురాలిని నేనే కాపాడాలనుకున్నాను.

పదిరోజులు ఆగి, రెండో గడిలోని నంబరుకు చేశాను.

ఆడగొంతు పలికింది. "ఎవలు?"

"దవాఖాన నుంచి. శివరాజ్ ఇంట్లోవాళ్లేనా?"

"ఆఁ, చెప్పుండ్రి."

అదే చాలనుకున్నాను. పేరు అడగలేదు. ఫోన్ ఎత్తింది ఎవరని అడగడానికి ఎంత సేపు పడుతుంది? ఆ కాస్త సేపు నేను ఆగలేదు. నేనన్న మాటలు మాట కూడా మారకుండా గుర్తున్నాయి. "చూడమ్మా, మీ ఆయన ఇంకో మగమనిషితో తిరుగుతున్నడు. నీకు చెప్పకుండా దాస్తున్నడు. నీ ప్రాణానికి ముప్పు, వెంటనే వచ్చి పరీక్ష చేయించుకో."

అవతల వెనకాల ఎవరో చాటతో చెరిగే చప్పుడు వినబడింది. తర్వాత ఆ గొంతు అంది.

"నేను అనసూయను గాదు బిడ్డా. వాని తల్లిని."

ఫోన్ పెట్టేసింది.

అనసూయ

మర్నాడు పొద్దున పరదా పక్కకు లాగి ఒక ఆడమనిషి నిలబడింది. అంగన్‌వాడీ టీచర్ల గులాబీ చీర. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"మీరేనా ఫోన్ జేసింది?"

"అమ్మా, నీ మంచికే..."

"నా మంచి నీకెవరు అప్పజెప్పిన్రు?" బెంచీ మీద వాళ్లంతా వింటున్నారని ఆమెకు తెలుసు. పట్టించుకోలేదు. "నాకు ఎరుక లేదని ఎట్ల అనుకున్నవ్? ఆయన చెప్పిండు గద నాకు ఎరుకే అని! ఒక్కపాలి నన్ను అడిగినవా? నెల రోజులు మా అమ్మగారింట్ల తిండి తినకుండ ఆలోచన జేసి, నా అంతట నేను నిమ్మలం జేసుకున్న సంసారం అది. నేను ఏది ఒప్పుకుంటనో, ఏది ఒప్పుకోనో ఆయనకు చెప్పిన, ప్రకాశ్‌కు చెప్పిన. ఇద్దరు ఇన్నరు. నువ్వు ఎవ్వలవు నడుమ?"

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"మా అత్త మామకు చెప్పి రాత్రి సంది ఏడుస్తున్నది. మా మామ పొద్దుగాల లేచిండు, కొడుకును పిలువకుండనే చేనుకు పోయిండు. ఎరుకనా నీకు, మా మామ ఎప్పుడన్న గట్ల పోంగ నేను చూడలే. ఇగ ఊర్ల నన్ను ఏమంటరో ఎరుకనా? మొగున్ని కట్టేసుకోలేని ముండ అంటరు. ఆయనను ఒకతీరు అంటరు, నన్ను ఇంకోతీరు అంటరు."

"నన్ను క్షమించు" అన్నాను.

"నన్ను గాదు అడగాల్సింది" అని పరదా వదిలేసి వెళ్లిపోయింది.

వెళ్లి అతన్ని అడగడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఈ వాక్యం రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

పైవాళ్లు, పక్కవాళ్లు

డాక్టర్ సార్‌కు జరిగింది చెప్పాను. నాకు మెమో ఇస్తాడనుకున్నాను, ఇవ్వాల్సిందే. మనిషి సమ్మతి లేకుండా అతని సంగతి బయటపెట్టడం మా పనిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆయన నవ్వాడు. "అటా ఇటా ఏదో ఒకటి తేల్చుకోమనమ్మా వాణ్ని. నీదేం తప్పు లేదు, పోయి పని చూస్కో" అన్నాడు. నా తప్పును అంత తేలిగ్గా తుడిచేసిన ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు. శిక్ష పడి ఉంటే, నాతోపాటు అందరూ నేర్చుకునేవాళ్లు. శివరాజ్‌లాంటి వాడికి జరిగింది తప్పుగా లెక్కకే రాలేదన్నమాట.

ఇంకొకటి కూడా చెప్పాలి, మాతో కలిసి పనిచేసినవాళ్లనైనా వెనకేసుకురావడం నా వల్ల కాదు. మగవాళ్లను ఇష్టపడే మగవాళ్ల కోసం పట్టణంలో ఒక చిన్న గుంపు ఉండేది. శుక్రవారం శుక్రవారం ఒక షాపు మేడ మీద కలిసేవాళ్లు. నర్సింలు అనే అతను నడిపేవాడు. మంచివాడు, సొంత అన్నదమ్ములతో తన్నులు తిన్నవాడు. ఎంతోమందికి అన్నం పెట్టాడు. ఇంట్లో మాటలు బందైన శివరాజ్‌కు కనీసం అక్కడైనా నాలుగు మాటలు దొరుకుతాయని నేను నర్సింలును అడిగాను.

"గాయన వద్దు మేడం" అన్నాడు. "ఒకపాలి వచ్చిండు. భార్య అంటె ఇష్టమంటడు, ఇంకోదిక్కు ప్రకాశ్ అంటడు. ఇద్దరికి ఎరుకే అంటడు. మా పిల్లలు నవ్విన్రు. ఆయనకు ధైర్యం లేదు మేడం, పెళ్లి చాటున దాక్కుంటున్నడు."

ధైర్యం లేదట! భార్యకు చెప్పాడు, పరీక్ష గదిలో చెప్పాడు, వాళ్ల మేడ మీదికి ఎక్కి అక్కడా చెప్పాడు. ఎక్కడికి పోతే అక్కడ ఉన్నదున్నట్టు చెప్పిన మనిషిని పట్టుకుని, దాక్కున్నాడని అందరమూ తీర్మానించాం. మాకు తెలిసిన రెండు డబ్బాల్లో అతను దేనిలోనూ పట్టలేదు కాబట్టి అతనిదే తప్పన్నాం. ఊరు వెలేస్తుందని భయపడేవాళ్లకు ధైర్యం చెప్పాల్సిన పని మాది. వెలేసినవాళ్లలో ముందు వరసలో నిలబడ్డది మేమే. అన్నదమ్ముల చేత దెబ్బలు తిన్న నర్సింలు కూడా ఇంకొకణ్ని మేడ దింపగలిగాడంటే, ఈ భయం ఎందుకు పోదో అర్థమవుతుంది.

ఆ ఆర్నెల్ల పరీక్షలకు ముగ్గురిలో ఎవరూ మళ్లీ మా దగ్గరికి రాలేదు. సంగారెడ్డి పోతున్నారని విన్నాను. బస్సెక్కి అంతదూరం పోయి మరీ ఒక షరతు నిలబెట్టుకునే మనుషులు వాళ్లు.

వైండింగ్ షాపు

శాలువా కప్పించుకున్న నెలలోనే మా ఇంటి నీళ్ల మోటారు కాలిపోయింది. వేరే మెకానిక్‌లు ఉన్నారు. కానీ ఇంకా తప్పించుకుంటే మనిషిని కాదనుకుని, ఆటోలో మోటారు వేసుకుని శివరాజ్ షాపుకే పోయాను.

గుర్తుపట్టాడు. మోటారు దించుకున్నాడు. కప్పు విప్పి, నల్లబడిన రాగితీగ చూసి, "పూర తీసెయ్యాలె" అన్నాడు. నేను నిలబడే, వచ్చిన పని చెప్పాను. తప్పు చేశాను, ఆరేళ్లుగా మొహం చెల్లక రాలేదు, క్షమించమని అడగడానికి వచ్చాను అన్నాను.

అతను స్టూలు నా వైపు జరిపాడు, కూర్చున్నాను. అతను తీగ కోయడం మొదలుపెట్టాడు.

"ఒక్కటి అడుగుత, చెప్తరా మేడం? ఆ దినం మా అమ్మకు మీరు ఏమని చెప్పిన్రు? ఆమె ఎన్నడు చెప్పలే. అడిగితే ఏడుస్తది. నాయన ఇన్నయి ఆ మాటలే గద. ఏ మాటలో నాకు ఎరుక లేదు."

చెప్పాను. తిరుగుతున్నడు. దాస్తున్నడు. ప్రాణానికి ముప్పు. ఒక్కొక్క మాటా నోట్లోంచి రావడానికి నాకు ఎంత కష్టమైందో, వినడానికి అతనికి అంతకన్నా కష్టమైంది. కటింగ్ ప్లేయర్ పక్కన పెట్టేశాడు.

"గంతేనా? ప్రకాశ్ పేరు లేదు. అనసూయకు ఎరుకే అని లేదు."

"లేదు."

"నేను జమచేస్కున్నయి వేరే ఉండె" అన్నాడు. నా వైపు చూడకుండా, మోటారుకేసి చూస్తూ చెప్పాడు. "నాయనా, అనసూయ నా భార్య. ఎన్నటికి ఇడిసిపెట్ట. ప్రకాశ్ గూడ నా మనిషే. ఇద్దరికి ఎరుకనే, ఇద్దరు ఒప్పుకున్నరు, ఎవలికి మోసం లేదు. నీకు గూడ ఎరుక ఉండాలె అని చెప్తున్న, నువ్వు పిలిస్తెనే నాకు తెల్లారుతది గనుక."

ఎన్నాళ్లు అరిగించుకున్నాడో, ఎక్కడా తడుముకోలేదు. షాపు ముందు నుంచి లారీలు పోతున్నాయి. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. ఇన్ని మాటలు సిద్ధం చేసుకున్నవాడి నోటి ముందు నా చెయ్యి అడ్డం పెట్టాను.

"మీ నాయన ఇప్పటికీ...?"

"అనసూయతోటి మాట్లాడ్తడు. నాకు అన్నం పెట్టుమని ఆమెకు చెప్తడు. నాతోటి లేదు."

అప్పుడు నేను మళ్లీ అదే పని చేయబోయాను. ఇరవై రెండేళ్ల అలవాటు అంత తొందరగా పోదు. "నేను ఊరికి వస్త శివరాజ్. మీ నాయన దగ్గర కూర్చుని అంతా సక్కగ చెప్త. నేను చెప్పింది తప్పని చెప్త."

తలెత్తి చూశాడు.

"మల్ల మీరే చెప్తరా మేడం?"

అరవలేదు. మామూలుగానే అడిగాడు. నేను స్టూలు మీద నుంచి లేచాను.

అతనే అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు. "ఆయన మాట్లాడుడు బంద్ జేసిండు గని, ఇనుడు బంద్ జెయ్యలే గద. ఆయన వాకిట్ల కూసుంటడు, నేను గూడ కూసుంట. చెప్త. బదులు రాకుంటె రాకపాయె." ప్లేయర్ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "మోటారు బేస్తారం నాడు తీస్కపోండ్రి."

కొత్తగా చేరిన అమ్మాయీ, ఫారంలో ఆ రెండో గడి ఇంకా ఉందట. అది రాసే ముందు ఆ ఫోన్ ఎవరెత్తుతారని అడుగు. ఎదుటి మనిషి చెయ్యొద్దంటే ఆ గడిలో గీత కొట్టెయ్యి. నీకు తెలిసిన డబ్బాలో పట్టని నిజం వినబడ్డప్పుడు, ఆ డబ్బాను అనుమానించు, మనిషిని కాదు. గదికి తలుపు లేకపోతే పోట్లాడు, నాలాగా గొంతు తగ్గించుకోకు.

గురువారం నేను పోలేదు. మా ఆయనను పంపాను. మోటారు చక్కగా నడుస్తోంది. శివరాజ్ వాకిట్లో కూర్చుని చెప్పాడో లేదో నాకు తెలియదు. అడగను. అది అతను వాళ్ల నాయనకు చెప్పాల్సిన సంగతి, ఒకసారి నేను దొంగిలించింది చాలు.